చొక్కా తొడుక్కుంటే సరిపోదు

1972 అక్టోబర్ 15. సిన్సినాటీలోని రివర్‌ఫ్రంట్ స్టేడియంలో వరల్డ్ సిరీస్ రెండో ఆట మొదలవబోతోంది. అంతకు ముందు ఒక మాజీ ఆటగాడిని మైదానంలోకి పిలిచారు. వయసు 53 ఏళ్ళే అయినా జుట్టంతా తెల్లబడింది. షుగర్ వల్ల చూపు దాదాపు పోయింది. ఆయన జాకీ రాబిన్సన్. నల్లవాళ్ళని అరవై ఏళ్ళకు పైగా గడప తొక్కనివ్వని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోకి 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున అడుగుపెట్టినవాడు. దానికి పాతికేళ్ళు నిండాయని ఈ సన్మానం.

రాబిన్సన్ జ్ఞాపిక అందుకున్నాడు. సంతోషమన్నాడు, గర్వంగా ఉందన్నాడు. అక్కడితో ఆపితే అందరూ చప్పట్లు కొట్టి కూర్చునేవాళ్ళు. ఆయన ఆపలేదు. ఏదో ఒక రోజు మూడో బేస్ వైపు చూసినప్పుడు అక్కడ జట్టుని నడిపిస్తూ ఒక నల్లమనిషి కనిపిస్తే ఇంకా సంతోషిస్తానన్నాడు. అప్పటికి మేజర్ లీగ్‌లో ఒక్క జట్టుకీ నల్లజాతి మేనేజర్ లేడు. దేశమంతా టీవీలో చూస్తోంది. తొమ్మిది రోజుల తర్వాత ఆయన చనిపోయాడు.

పిలిచి గౌరవిస్తే నిష్ఠూరాలాడతాడా, సభామర్యాద తెలీదా అని గొణిగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. మన సభల్లోనూ ఉంటారు. శాలువా కప్పించుకుని, ఫొటో దిగి, రెండు ముక్కలు మాట్లాడి దిగిపోవాలని వాళ్ళ లెక్క. నా లెక్క వేరు. సన్మానం పుచ్చుకున్నవాడు చేయగలిగిన మంచి పని ఆయన ఆ రోజు చేశాడు. ఇన్నేళ్ళు నేను అడిగినదాన్ని ఈ జ్ఞాపికతో తీర్చేశామనుకోకండి అని చెప్పాడు. ఆయనకిది కొత్తేం కాదు కూడా. ఇదే కారణం మీద 1969లో యాంకీ స్టేడియంలో పాత ఆటగాళ్ళ వేడుకకి పిలిస్తే రానన్నాడు. రాకుండా ఒకసారి, వచ్చి ఒకసారి, అడిగింది ఒకటే.

1975లో ఫ్రాంక్ రాబిన్సన్ క్లీవ్‌లాండ్‌కి మేనేజర్ అయ్యాడు, మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి మేనేజర్‌గా. జాకీ చూడలేదు. ఆయన భార్య రేచల్ మొదటి ఆటకి వెళ్ళి చూసింది.

ఇక నా అసలు ఫిర్యాదు. 1997లో ఆయన 42వ నంబరుని అన్ని జట్లలోనూ ఎత్తేశారు, ఇకమీదట ఎవరికీ ఇవ్వకూడదని. 2009 నుంచి ఏటా ఏప్రిల్ 15న ఆటగాళ్ళు, కోచ్‌లు, అంపైర్లు అందరూ 42 వేసుకుని దిగుతున్నారు. చూడ్డానికి బానే ఉంటుంది. కానీ ఆ నంబరు వెనక ఉన్న ప్రశ్నని మైకులో ఎవరు అడుగుతున్నారు? మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకో జబ్బుంది. బగ్ అలాగే ఉండగా టికెట్ క్లోజ్ చేసేస్తాం, రిపోర్టులో లెక్క అందంగా కనబడుతుంది. ఏప్రిల్ 15 నాకు అలాగే కనిపిస్తోంది.

ఋజువు కావాలా? సిన్సినాటీ సభకి సరిగ్గా యాభై ఏళ్ళ తర్వాత, 2022 వరల్డ్ సిరీస్ చూడండి. హ్యూస్టన్ మేనేజర్ డస్టీ బేకర్ నల్లవాడే, కప్పు కూడా గెలిచాడు. రాబిన్సన్ కోరిక తీరినట్టే. కానీ ఆ సిరీస్ ఆడిన రెండు జట్లలోనూ అమెరికాలో పుట్టిన నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. 1950 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి.

దానికీ నంబరుకీ సంబంధమేంటి అనొచ్చు. నేరుగా లేదు, ఒప్పుకుంటాను. పిల్లల బేస్‌బాల్ ఖరీదైపోయింది. ఊళ్ళు తిరిగి ఆడే ప్రైవేటు జట్లు, వాటి ఫీజులు, విడిగా కోచింగు, హోటల్ ఖర్చులు. కాలేజీకి వెళ్దామంటే, పెద్ద కాలేజీల్లో ఫుట్‌బాల్ జట్టుకి 85 పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండగా బేస్‌బాల్ జట్టు మొత్తానికీ మొన్నమొన్నటి దాకా 11.7 మాత్రమే. దాన్నే ముక్కలు చేసి పంచాల్సి వచ్చేది. డబ్బుల్లేని ఇంటి పిల్లాడు ఏ ఆట ఎంచుకుంటాడు? ఒకప్పుడు రంగు చూసి వేసిన తలుపుని ఇప్పుడు ఫీజు వేస్తోంది. సంబంధం లేదనే మాట ఇక్కడ చెల్లదు.

అందుకే నాకు విచిటా గుర్తొస్తుంది. కాన్సస్‌లోని ఆ ఊళ్ళో మెక్‌ఆడమ్స్ పార్కులో లీగ్ 42 అని పిల్లల లీగ్ ఒకటి నడుస్తోంది. పేరు ఆయన నంబరుదే. డబ్బుల్లేని ఇళ్ళ పిల్లలు కూడా ఆడగలిగేలా ఫీజు తక్కువ పెట్టారు. అక్కడ 2021లో రాబిన్సన్ కంచు విగ్రహం నిలబెట్టారు. 2024 జనవరిలో దొంగలు దాన్ని చీలమండల దగ్గర కోసి పట్టుకుపోయారు. దిమ్మె మీద బూట్లు మిగిలాయి. తుక్కు కింద అమ్ముకోడానికే చేశారని, జాతి ద్వేషం కాదని పోలీసులు తేల్చారు. దేశం నలుమూలల నుంచీ విరాళాలు వచ్చాయి, అదే అచ్చుతో పోసిన కొత్త విగ్రహం ఆగస్టుకల్లా నిలబడింది. పాత బూట్లు కాన్సస్ సిటీలోని నీగ్రో లీగ్స్ మ్యూజియంకి వెళ్ళాయి. 1945లో రాబిన్సన్ ఆడింది ఆ ఊరి జట్టుకే.

విగ్రహం పోయినప్పుడు జనం బాధపడ్డారు, సహజమే. కానీ విగ్రహం లేని ఆ ఆరేడు నెలలూ ఆయనకి అక్కడ సన్మానం ఆగిపోయిందని నేను అనుకోను. పిల్లలున్నారు, మైదానం ఉంది, ఫీజు తక్కువుంది. రేపు లీగ్ మూతపడి విగ్రహం మాత్రం మిగిలితే, అదీ అసలు దొంగతనం.

42 చొక్కా వద్దనడం లేదు. వేసుకోండి. కానీ ప్రతి జట్టూ ఆ రోజు ఆటకి ముందు మైకు పట్టుకుని తన ఊరి లెక్క చెప్పాలి. ఎన్ని మైదానాలు బాగుచేశారు, ఎంతమంది పిల్లల ఫీజు కట్టారు, వాళ్ళలో ఎంతమంది ఇంకా ఆడుతున్నారు. చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది, తెలుసు. చూపు సరిగా ఆనని మనిషి నిండు స్టేడియంలో నిలబడి అంతకంటే కష్టమైన మాట చెప్పాడు.