చిన్న ట్యాబ్ మంచిదే, కానీ పెన్సిల్ పక్కనే ఉంచుకోండి

పిల్లలూ, ఈ వారం కథ కాదు, పాట కాదు. నా అభిప్రాయం ఒకటి చెప్తాను. అభిప్రాయం అంటే "నాకు ఇలా అనిపిస్తోంది, ఎందుకంటే..." అని చెప్పడం. మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. చివర్లో మీ మాట కూడా అడుగుతాను.

మీలో చాలామంది చేతుల్లో ఒక చిన్న ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉంటుంది. తెలుగు నేర్చుకోవడానికి అది ఎంతవరకు పనికొస్తుంది? ఎక్కడ మనల్ని మోసం చేస్తుంది? అదే ఇవాళ్టి విషయం.

కళ్ళు, కల్లు

మా ఆడపడుచు కొడుకు టెక్సస్‌లోనే పుట్టాడు. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. వాళ్ళ అమ్మమ్మ, అంటే మా అత్తగారు, ఖమ్మంలో ఉంటారు. నిరుడు ఆవిడకి కంట్లో శుక్లం తీశారు. అప్పటికి నేను ఇంకా ఖమ్మంలోనే ఉన్నాను. ఆపరేషన్ అయిన మర్నాడు వీడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అమ్మమ్మా, నీ కల్లు ఎలా ఉన్నాయి?"

నేను పైకి చదివాను. అత్తగారు కంటికి కట్టుతోనే పకపకా నవ్వారు. "వాడికి చెప్పమ్మా, మన ఇంట్లో కల్లు ఎవరూ తాగరని!"

మీకు అర్థమైందా? కళ్ళు అంటే చూసేవి. కల్లు అంటే తాటిచెట్టు నుంచో ఈతచెట్టు నుంచో తీసే, మత్తెక్కించే పానీయం. వాడు ట్యాబ్‌లో ఇంగ్లీష్ అక్షరాలు కొట్టాడు: కె, ఏ, ఎల్, ఎల్, యు. ట్యాబ్ పైన రెండు మూడు మాటలు చూపించింది. వాడు మొదటిది నొక్కేశాడు. ఇంగ్లీష్‌లో ల, ళ రెండింటికీ ఒకటే ఎల్. పాపం ట్యాబ్‌కి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ముందు మంచి మాటలు

చిన్న ట్యాబ్ అంటే ఏడు నుంచి తొమ్మిది అంగుళాల లోపు తెర ఉన్నది. మొదట్లో ఈ సైజును చాలామంది వెక్కిరించారు. 2010లో ఆపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్, ఏడంగుళాల ట్యాబ్ కొనేవాళ్ళు వేళ్ళు అరగదీసుకోవడానికి గరుకు కాగితం కూడా కొనుక్కోవాలన్నట్టు ఎగతాళి చేశారు. అంత చిన్న తెర మీద వేలు సరిగ్గా పడదని ఆయన ఉద్దేశం. కానీ 2012లో గూగుల్, ఆసుస్ కలిసి ఏడంగుళాల నెక్సస్ 7 తెచ్చాయి. అది బాగా పేరు తెచ్చుకుంది. అదే ఏడాది ఆపిల్ కూడా 7.9 అంగుళాల ఐప్యాడ్ మినీ అమ్మడం మొదలుపెట్టింది. పెద్దవాళ్ళ వేళ్ళ సంగతేమో గానీ, మీ వేళ్ళకి ఈ సైజు చక్కగా సరిపోతుంది.

బరువూ తక్కువే. ఉదాహరణకి 2023లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎ9 చూడండి. తెర 8.7 అంగుళాలు, బరువు 332 గ్రాములు. కిలో కందిపప్పు ప్యాకెట్‌లో మూడో వంతు! ఒక చేత్తో పట్టుకుని మంచం మీద పడుకుని కథ చదువుకోవచ్చు. మీద పడినా ముక్కు పగలదు.

ఫోన్ కంటే ఇది ఎందుకు మేలంటే, మన అక్షరాలకి చోటు కావాలి. ఇంగ్లీష్ అక్షరాలు పక్కపక్కనే నిలబడతాయి. మన అక్షరాలకి పైన తలకట్టు, గుడి ఉంటాయి. కింద వత్తు వేలాడుతుంది. 'స్త్రీ' అని రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు! ఫోన్ తెర మీద ఇదంతా చీమల పుట్టలా కనిపిస్తుంది. ట్యాబ్‌లో రెండు వేళ్ళతో సాగదీసి, ఏ వత్తు ఎక్కడ ఉందో విడివిడిగా చూడొచ్చు.

వినడానికి కూడా ట్యాబ్ బాగుంటుంది. ఇక్కడ వేసవిలో శనివారం ఉదయం ఎనిమిదిన్నర అంటే ఖమ్మంలో సాయంత్రం ఏడు. ఆ సమయానికి మావాడు ట్యాబ్‌ని గోడకి ఆనించి అమ్మమ్మతో మాట్లాడతాడు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి తన బొమ్మలు, తన పుస్తకాలు అన్నీ ఎత్తి చూపిస్తాడు.

ఇప్పుడు లోపాలు

మొదటిది, తెర నునుపు. తెర మీద బొమ్మ చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. చుక్కలు దగ్గర దగ్గరగా ఉంటే అక్షరం నున్నగా కనిపిస్తుంది. ఇందాక చెప్పిన ట్యాబ్ ఎ9లో అంగుళానికి దాదాపు 180 చుక్కలు. దానికంటే పదేళ్ళ ముందు, 2013లో వచ్చిన రెండో నెక్సస్ 7లో 323! అంటే కొత్తది కాబట్టి తెర కూడా మెరుగ్గా ఉంటుందని అనుకోకూడదు. ఇంగ్లీష్‌కి ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. మనకి తెలుస్తుంది. ద, ధ పక్కపక్కన రాసి చూడండి. బ, భ కూడా. మధ్య తేడా ఒక చిన్న గీత. సన్న అక్షరాల్లో ఆ గీత మసకబారితే ధనం కాస్తా దనం అయిపోతుంది. అందుకే తెలుగు చదివేటప్పుడు అక్షరాల సైజు పెంచుకోండి. సిగ్గేం లేదు, నేనూ పెంచుకుంటాను.

రెండోది, చోటు. ట్యాబ్ పెట్టె మీద 64 జీబీ అని ఉన్నా అదంతా మీది కాదు. అందులో కొంత భాగం ఆండ్రాయిడ్ వాడుకుంటుంది. మిగిలినదాన్ని ఆటలు, వీడియోలు నింపేస్తాయి. అమ్మమ్మ కథ రికార్డు చేద్దామనుకునేసరికి ఖాళీ ఉండదు. కొన్ని ట్యాబ్‌లలో మెమరీ కార్డు పెట్టుకునే వీలుంటుంది. కొనేముందు అమ్మానాన్నలతో ఆ సంగతి చూడమనండి.

మూడోది, వయసు. కొన్నేళ్ళు గడిస్తే పాత ట్యాబ్‌కి కొత్త ఆండ్రాయిడ్ రావడం ఆగిపోతుంది. తర్వాత కొన్ని యాప్‌లు అందులో పనిచేయవు. అందుకే అమ్మమ్మ, తాతయ్యల గొంతులు రికార్డు చేస్తే ఒక్క ట్యాబ్‌లోనే ఉంచకండి. ఇంకో చోట కూడా దాచండి.

ఇవన్నీ వస్తువులో ఉన్న లోపాలు. డబ్బు పెడితే కొన్ని తీరతాయి. నాలుగో లోపం వేరు. అది మనం వాడే పద్ధతిలో ఉంది.

సరుకుల చీటీ

ఆ వేసవిలోనే మావాడు ఖమ్మం వచ్చాడు. వాడి మెసేజ్‌లన్నీ అత్తగారు అప్పటికే ఇరుగుపొరుగుకి చూపించేశారు. "అమెరికాలో పుట్టినా మా మనవడు ఎంత చక్కగా తెలుగు రాస్తాడో చూడండి" అని ఒకటే మురిపెం. ఒకరోజు పక్కింటావిడ కూర్చుని ఉండగా వాడిని పిలిచారు. "నాన్నా, నాకు ఇంకా కొత్త కళ్ళజోడు రాలేదు. సరుకుల చీటీ నువ్వు రాయి. చింతపండు, కందిపప్పు, ఉప్పు."

వాడు పెన్సిల్ పట్టుకున్నాడు. కాగితం వంక చూశాడు. ఎంతసేపటికీ ఏమీ రాయలేదు. మెల్లగా లేచి వంటింట్లోకి వచ్చి, నా కొంగు పట్టుకుని అడిగాడు. "అత్తా, చింతపండు ఎలా మొదలవుతుంది?"

నేను చెయ్యి పట్టి రాయించాను. అత్తగారు ఏమీ అనలేదు. కానీ వాడి మొహం చిన్నబోయింది. వాడు అబద్ధం ఆడలేదు, పిల్లలూ. ఆ మెసేజ్‌లు నిజంగా వాడే పంపాడు. మాటలు వాడివే, ప్రేమ వాడిదే. అక్షరాలు మాత్రం ట్యాబ్‌వి.

నా అభిప్రాయం

మా ఆడపడుచు నాతో వాదించింది. "వదినా, ఈ రోజుల్లో చేత్తో ఎవరు రాస్తున్నారు? నేనే తెలుగు రాసి పదిహేనేళ్ళయింది. వాడు ఇష్టంగా టైప్ చేస్తున్నాడు. ఆ ఇష్టం పోగొట్టొద్దు." ఆ మాటలో నిజం ఉంది. ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు కొట్టే వీలు లేకపోతే వాడు అమ్మమ్మకి అసలు రాసేవాడే కాదేమో. మొదలుపెట్టడానికి అది మంచి మెట్టే.

కానీ మెట్టు మీదే కూర్చుండిపోతే మేడ ఎప్పుడు ఎక్కుతాం? ట్యాబ్ మనకి కల్లు, కళ్ళు రెండూ చూపిస్తుంది. ఇల్లు, ఇళ్ళు చూపిస్తుంది. కల, కళ చూపిస్తుంది. ఏది నొక్కాలో మనమే చెప్పాలి. చదవడం రానివాళ్ళకి ఆ ఎంపిక లేదు. ట్యాబ్ ఏది ముందు పెడితే అదే వాళ్ళ మాట అవుతుంది. నా మాట నేనే ఎంచుకోవాలంటే నాకు అక్షరాలు రావాలి. అందుకే నేను చెప్పేది ఇది: ట్యాబ్ వాడండి, కానీ ఇలా వాడండి.

ఒకటి, కీబోర్డు మార్చండి. ఇంగ్లీష్ అక్షరాలది కాకుండా అ, ఆ, క, ఖ ఉండే తెలుగు కీబోర్డు పెట్టుకోండి. మొదటి వారం విసుగ్గా ఉంటుంది. కానీ క నొక్కి, పొల్లు నొక్కి, ష నొక్కితే 'క్ష' తయారవడం మీ కళ్ళతో మీరే చూస్తారు. వత్తు ఎలా పుడుతుందో ఇంత బాగా నేను బోర్డు మీద కూడా చెప్పలేను.

రెండు, ముందు కాగితం, తర్వాత ట్యాబ్. రెండు వాక్యాలైనా సరే పెన్సిల్‌తో రాయండి. తప్పులున్నా పర్వాలేదు. ట్యాబ్‌తో ఫొటో తీసి ఊరికి పంపండి.

మూడు, ట్యాబ్ చూపించిన మాట నొక్కేముందు పైకి చదవండి. చదవలేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

నేను టెక్సస్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఇప్పుడు మావాడు ప్రతి శనివారం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేముందు సరుకుల చీటీ రాస్తాడు. ఫొటో తీసి అమ్మమ్మకి పంపుతాడు. మొన్నటి చీటీలో 'ఉప్పు'కి ప వత్తు మర్చిపోయాడు. అత్తగారు ఆ ఫొటోని రెండు వేళ్ళతో సాగదీసి చూసి, ఫోన్ చేశారు. "నాన్నా, ఉప్పులో ఒక ప తక్కువైంది. అయినా నాకు ఈ చీటీయే బాగుంది. ఇది నీ చేతిరాత."

కొత్త మాటలు

శుక్లం: వయసు పైబడినప్పుడు కంటిలో వచ్చే మసక పొర
మురిపెం: ప్రేమతో కూడిన గర్వం, సంతోషం
చిన్నబోవడం: సిగ్గుతోనో బాధతోనో మొహం వాడిపోవడం
చీటీ: చిన్న కాగితం మీద రాసుకున్న జాబితా
పొల్లు: అక్షరం మీద పెట్టే గుర్తు (క్, న్, ల్)

ఆలోచించి రాయండి (పెన్సిల్‌తోనే!)

1. కల, కళ. ఈ రెండు మాటలతో చెరొక వాక్యం రాయండి.
2. "మీ ఇల్లు ఎక్కడ?", "మీ ఇళ్ళు ఎక్కడ?" ఈ రెండు ప్రశ్నలకి తేడా ఏమిటి?
3. చేతిరాత గురించి మా ఆడపడుచు చెప్పింది సరైనదా, నేను చెప్పింది సరైనదా? "ఎందుకంటే" అనే మాట వాడి మూడు వాక్యాలు రాయండి. నాతో ఒప్పుకోకపోయినా మార్కులు తగ్గించను.
4. ఈ వారం మీ ఇంటి సరుకుల చీటీ మీరే రాయండి. ఫొటో తీసి అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో పంపండి. వాళ్ళు ఏమన్నారో వచ్చే క్లాసులో చెప్పండి.