బీదబిడ్డలకు గాజుపలకలు

ప్రభుత్వ పాఠశాలలో చదువుకొను బీదబిడ్డ చేతికి టాబు ఇయ్యవచ్చునా, ఇయ్యరాదా యను వాదము మన పఠనమందిరములలో నింకను తెగలేదు. ఇచ్చిన చెడిపోవుదురని కొందరు. ఇయ్యకున్న వెనుకబడుదురని కొందరు. ఈ యిరుపక్షములవారి యిండ్లలోను పిల్లల చేతులలో ఫోనులున్నవి. కావున ఈ వాదమంతయు పరుల పిల్లలను గూర్చినదే యని మొదటనే యొప్పుకొనుట మర్యాద.

2020 మార్చిలో కరోనా మహమ్మారివలన బడులు మూతవడినప్పుడు బీదరికమును కొలుచుటకు క్రొత్త కొలబద్ద యొకటి యేర్పడినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారములద్వారా పాఠములు చెప్పిరి. టెలివిజను పాఠము చెప్పును గాని ప్రశ్న వినదు. సందేహము నడుగుటకు ఫోను కావలెను. ఆ ఫోనో, తండ్రితోకూడ కూలికి పోయి పొద్దుగ్రుంకిన పిదపగాని యిల్లు చేరదు. చేరినను, ముగ్గురు పిల్లలున్న యింట నది యెవరికి దక్కును? ఆడపిల్లకు మాత్రము కాదు. 26 రాష్ట్రములలోని 28 జిల్లాల పల్లెలలో 14 మొదలు 18 ఏండ్లవారిని విచారించిన 2023 నాటి అసర్ నివేదిక ప్రకారము, స్మార్టుఫోను వాడుట తెలిసినవారిలో సొంత ఫోను గలవారు మగపిల్లలలో నూటికి 44గురు, ఆడపిల్లలలో 20 మంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2022 డిసెంబరు 21వ తేదీన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆరంభించి, ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా టాబులను పంచిరి. మరుసటి సంవత్సరము మరల పంచిరి. ఏ పక్షమువారు చేసినను మంచిపని మంచిపనియే. ఆడపిల్ల తన దని చెప్పుకొనగల పలక యొకటి యింటికి వచ్చుట స్వల్పవిషయము కాదు. అయినను ఆ పలకలలోని పాఠములు బైజూస్ అను వ్యాపారసంస్థవి. తొలిపంపకము జరిగి రెండేండ్లు నిండకమునుపే, 2024 జూలైలో, ఆ సంస్థ దివాలా విచారణలో పడినది. ప్రజాధనముతో కొన్న పలకపై పరుల పాఠము వ్రాయించుకొన్న ఫలితమిది. మన ఉపాధ్యాయులు మన భాషలో తయారుచేసి, ఎవరి అనుమతియు నక్కరలేక యే బడియైనను వాడుకొనగల పాఠములే ఆ పలకలలో నుండవలెను. కేంద్ర ప్రభుత్వమువారి దీక్ష వేదిక 2017 నుండియు నున్నది గదా!

పలకమాత్రమున చదువు రాదనుటకు దూరదేశపు సాక్ష్యము గలదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశము పల్లెబడుల పిల్లలకు ల్యాప్‌టాపులు పంచినది. 319 బడులను పరీక్షించి 2012లో ప్రకటించిన పరిశోధనలో గణితమందుగాని భాషయందుగాని వృద్ధి కానరాలేదు.

ఇంతకంటెను మమ్ము కలతపెట్టు విషయము వేరొకటి గలదు. 2018 వేసవిలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపులో పుట్టిన వదంతి ఉభయ తెలుగు రాష్ట్రములను చుట్టివేసినది. బాటసారులను, బిచ్చగాండ్రను పట్టి కొట్టిరి, ప్రాణములు పోయినవి. జూలైలో హైదరాబాదు వాడైన యువక ఇంజనీరు నొకనిని బీదరు జిల్లాలో జనులు ఈ యనుమానముతోనే చంపిరి. ఆ వదంతిని చేతినుండి చేతికి పంపినవారందరు నిరక్షరాస్యులా? కాదు. బడికి పోయి, చదువ నేర్చి, చదివినదెల్ల నమ్మినవారు వారిలో నెందరో! గద్వాల ప్రాంతమున పోలీసువారు జానపద గాయకులను, డప్పును ఊరూరికి పంపి జనులను హెచ్చరించిరి. ఫోను చేసిన గాయమునకు డప్పు మందు వేయవలసి వచ్చినది!

కేరళమువారు మందును బడిలోనే వేయ జూచిరి. టీకాలను గూర్చిన దుష్ప్రచారముతో విసిగిన కన్ననూరు జిల్లా కలెక్టరు, 2018లో 150 ప్రభుత్వ పాఠశాలలలో అబద్ధపు వార్తను గుర్తించు పాఠములు చెప్పించెను. పిదప రాష్ట్రప్రభుత్వపు కైట్ సంస్థ 2022లో ఆ పాఠములను దాదాపు 20 లక్షల పిల్లలకు అందించినది. ఈ వార్త నెవరు వ్రాసిరి? ఎప్పటి చిత్రమిది? దీనివలన లాభ మెవరికి? ఇతరత్ర ఎచ్చటనైన వచ్చినదా? ఇంతకు మించిన గూఢవిద్య యేమియు నందు లేదు. పత్రిక చదువ నేర్చిన ప్రతి పెద్దమనిషియు వేయవలసిన ప్రశ్నలే యివి. (మా పత్రికనుగూడ నీ ప్రశ్నలతోనే చదువుడని పాఠకులను కోరుచున్నాము.)

ఈ పాఠము చెప్పవలసినవాడు కంప్యూటరు మాస్టరు కాడు, తెలుగు పండితుడని మా యభిప్రాయము. మాటలోని వంకరను కనిపెట్టు విద్య ఆయనది. అసర్ నివేదికయే మరియొక మాట చెప్పుచున్నది: ఆ వయస్సువారిలో నూటికి 25 మంది రెండవ తరగతి పాఠమును సొంతభాషలో తడబడక చదువలేరట. అట్టి బిడ్డకు టాబులో మిగులునది బొమ్మ యొక్కటే. అక్షరముతో చెప్పిన యబద్ధమును మరల చదివి నిలదీయవచ్చును. కదలు బొమ్మ అంతవ్యవధి నీయదు. చదువు కొరవడినవానినే వీడియో మొదట వశపరచుకొనును. కావున వాచకమును మూలకు నెట్టి పలకను ముందుంచుట కోట నొసగి తలుపు లూడదీయుట వంటిది.

ఇందు గ్రంథాలయములకు భాగము లేదా? 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి కాలువవెంట పడవమీద పుస్తకములు మోసికొనిపోయి పల్లెవారికి చదువ నిచ్చినవారు మనవారే. ఇంట ఫోను లేని బిడ్డకు ఆ పడవవలె నేడు పఠనమందిరము కావలెను. వారమునకు రెండు సాయంకాలములు ఒక బల్లయు, రెండు టాబులును, ప్రక్కన కూర్చుండి ఆనాటి ఫోనువార్తలను పత్రికలతో పోల్చి చూపు పెద్ద యొకడును చాలును. అందొక సాయంకాలము ఆడపిల్లలకే ప్రత్యేకింపవలెను. ప్రభుత్వమువారు వారమున కొక గంట కాలపట్టికలో చేర్చువరకు మన కార్యదర్శులు వేచియుండ నక్కరలేదు. సంకల్పించిన మందిరములవారు మాకు వ్రాసినచో వారి యనుభవములను ఈ పుటయందే ప్రకటించెదము.