ఐదో వంతు మాటేమిటి?

మా పేటలో చీటీలు నడిపే ఒకాయన జనం డబ్బు ఎత్తుకుని రాత్రికి రాత్రి ఊరు దాటేశాడు. మూడేళ్ల తర్వాత ఉజ్జీవ కూటాల్లో వేదికెక్కి సాక్ష్యం చెప్పాడు. బోరున ఏడ్చాడు. ప్రభువు తన పాపాలన్నీ సముద్రపు లోతుల్లో పడేశాడన్నాడు. జనం స్తోత్రాలు చెప్పారు. వెనక పట్టా మీద కూర్చున్న ఇడ్లీబండి ఆవిడ మాత్రం నోరు మెదపలేదు. ఆమెకు రావలసింది 40 వేలు. కూటం అయ్యాక ధైర్యం చేసి అడగబోతే సంఘ పెద్దలే కసిరారు. "దేవుడే క్షమించేశాక నువ్వెందుకమ్మా తవ్వుతావు?"

పెద్దలు అన్నది మన సంఘాల్లో సగంమంది లోలోపల నమ్మే మాటే. పశ్చాత్తాపం నాకూ దేవుడికీ మధ్య వ్యవహారమట, మూడో మనిషికి పని లేదట, కన్నీళ్లే రసీదట. వినడానికి భక్తిగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. అయితే బైబిలు తెరిస్తే ఈ మాటకు నిలవనీడ దొరకదు.

లేవీయకాండం ఆరో అధ్యాయం చూడండి. పొరుగువాడు దాచుకొమ్మని ఇచ్చిన సొమ్ము కాజేసి, ఆనక తప్పు తెలుసుకున్నవాడు ఏం చేయాలి? అసలు మొత్తం, దానిపైన ఐదో వంతు కలిపి, సొంతదారుడి చేతిలో పెట్టాలి. బలి అర్పించే రోజునే పెట్టాలి. ఇడ్లీబండి లెక్కలో అది 48 వేలు. సంఖ్యాకాండం ఐదో అధ్యాయం ఇంకా గట్టిది. ఆ సొమ్ము పుచ్చుకోవడానికి మోసపోయినవాడి దగ్గరి బంధువు కూడా లేకపోతే యాజకుడికి ఇవ్వాలంటుంది. ఎవరి దగ్గరైనా ఉండనీ, ఎగ్గొట్టినవాడి మొలలో మాత్రం ఉండకూడదు.

జక్కయ్య చెట్టెక్కిన సంగతి సండేస్కూలు పిల్లలందరికీ తెలుసు. దిగాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని ఆయన చెప్పిన లెక్క మీద ప్రసంగం వినడం అరుదు. తనంతట తాను ఒప్పుకున్నవాడికి ధర్మశాస్త్రం వేసిన అదనం ఐదో వంతే. నాలుగింతలన్నది గొర్రెను దొంగిలించి, కోసుకునో అమ్ముకునో దొరికిపోయినవాడికి నిర్గమకాండం 22లో వేసిన శిక్ష. జక్కయ్య ఎవరూ అడగకుండానే వెళ్లి ఆ గొర్రెల దొంగ పక్కన నిలబడ్డాడు. అప్పటికే సగం ఆస్తి బీదలకని చెప్పేశాడు. మిగతా సగంలోంచి నాలుగింతలు కడితే ఇంట్లో చాపలైనా మిగిలాయో లేదో లూకా రాయలేదు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు ప్రకటించింది ఈ లెక్క విన్నాకే.

ఇక్కడ వెంటనే లేచే అభ్యంతరం ఒకటుంది: ఇది క్రియల వల్ల రక్షణ కదా, ఎఫెసీ పత్రిక ఒప్పుకోదు కదా అని. నిజమే, కృపే ముందు. జక్కయ్య పైసా కట్టకముందే యేసు అతన్ని పేరు పెట్టి పిలిచాడు. కానీ ఎదుటివాడి సొమ్ము ఎదుటివాడికి తిరిగివ్వడం రక్షణకు చెల్లించిన వెల ఎలా అవుతుంది? ఆ సొమ్ము మనదైతే కదా! క్రియలు వద్దనడానికి అందరూ సాక్షిగా పిలిచే లూథరు కూడా 1517లో రాసిన 95 సిద్ధాంతాల్లో మూడోదాంట్లోనే, బయటి క్రమశిక్షణ పుట్టించని లోపలి పశ్చాత్తాపానికి విలువ లేదన్నాడు. పాపక్షమ పత్రాలు కొనుక్కుని హాయిగా నిద్రపోతున్నవాళ్ల మీదే ఆయన కోపం. మనం పత్రాల బదులు కన్నీళ్లు పెట్టుకున్నాం. ఖర్చు తగ్గింది.

మరికొందరు 51వ కీర్తన చూపిస్తారు. పాపం నీకే విరోధంగా చేశానని దావీదు దేవుడితో అన్నాడు, మరి మనుషులకు జవాబెందుకు అని. ఆ మాట అనేనాటికి దావీదు చంపించిన ఊరియా గోతిలో ఉన్నాడు, తిరిగివ్వడానికి మనిషే లేడు. అదీగాక, నాతాను ప్రవక్త చెప్పిన గొర్రెపిల్ల దొంగతనం కథ విని నాలుగింతలు కట్టాలని తీర్పు చెప్పింది దావీదే. శుద్ధ హృదయం కావాలని వేడుకున్నది ఆ తీర్పు తన నెత్తిన పడ్డాక.

క్యాలెండర్ల మీద ఎర్రటి పాపాలు మంచులా తెల్లనవుతాయన్న యెషయా వాగ్దానం అచ్చేస్తారు. మొదటి అధ్యాయం 18వ వచనం అది. దానికి ముందున్న వచనంలోని మాటలు, తండ్రిలేని పిల్లలకు న్యాయం తీర్చండి, విధవరాలి పక్షాన వాదించండి అనేవి, ఏ క్యాలెండరు మీదా నా కంటపడలేదు. ఇడ్లీబండి ఆవిడ విధవరాలు.

మన మాటలోనే కొంత చిక్కుందేమో. మారుమనస్సు అనగానే మారాల్సింది మనసొక్కటే అనిపిస్తుంది. ప్రవక్తలు వాడిన హీబ్రూ మాట శూబ్. తిరిగి రావడమని దాని అర్థం. చీటీలాయన ఊరికి తిరిగొచ్చాడు, సంఘానికి తిరిగొచ్చాడు. ఆవిడ గుమ్మం దాకా మాత్రం రాలేదు. బలిపీఠం దగ్గర సహోదరుడి బాధ గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నది మత్తయి ఐదో అధ్యాయం.

ఆయన ఇప్పుడు మా సంఘంలో ఆదివారం ఆదివారం కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరుగుతాడు. ఆవిడ ముందు ఆగినప్పుడు సంచి కాస్త కిందికి వంచుతాడు. ఆవిడ కొంగు ముడి విప్పి పది రూపాయలు వేస్తుంది.