“నాకంటే ముందు వీణ్ణి తీసుకుపో”: ఈ ప్రార్థనకు బాధ్యులెవరు?

“ప్రభువా, నాకంటే ఒక్కరోజు ముందు వీణ్ణి తీసుకుపో.”

మన సంఘాల్లో ఎవరూ మైకు పట్టుకుని చేయని ప్రార్థన ఇది. మేధో వైకల్యం ఉన్న కొడుకునో కూతురినో పాతికేళ్లు సాకిన తల్లి, ఇంట్లో అందరూ పడుకున్నాక ఒక్కతే చేసుకునే ప్రార్థన. ఆమెను తప్పుపట్టడానికి కాదు ఈ వ్యాసం. కన్నబిడ్డ చావును వరంగా అడిగే స్థితికి ఆమెను తెచ్చిన మనల్ని నిలదీయడానికి.

తమిళనాడు దక్షిణాన కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతం గురించి మాట్లాడుకుందాం. నల్లరేగడి నేల, వానను నమ్ముకున్న సేద్యం, అగ్గిపెట్టెల పరిశ్రమ, పక్కనే శివకాశి టపాకాయలు. శతాబ్దాల కిందట వలసవచ్చిన తెలుగువాళ్లు ఇక్కడ పెద్దసంఖ్యలో ఉన్నారు. నాయుళ్లు, రెడ్లు ఉన్నారు. తోలుపని, పారిశుధ్య పని తరతరాలుగా నెత్తిన పడిన అరుంధతీయులూ ఉన్నారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగు ఇంటి బిడ్డే. ఆ వలసబతుకుల మీద తమిళంలో నవలలు రాసి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. ఇక్కడి ఇళ్లలో తెలుగు మాట ఉంది, లిపి లేదు. బడి తమిళంలో, ఆసుపత్రి తమిళంలో, ఆరాధనా చాలాచోట్ల తమిళంలోనే.

ముందు మాటల్లో ఉన్న చిక్కు విప్పుకోవాలి. ‘లెర్నింగ్ డిజబిలిటీ’ అంటే బ్రిటన్‌లో మేధో వైకల్యం. మన దేశంలో ఆ మాటను ఎక్కువగా డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలకు వాడతారు. చదవడం, రాయడం, లెక్కలు చేయడం కష్టమవుతుంది గాని తెలివికి లోటుండదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఈ రెండూ వేర్వేరుగా ఉన్నాయి. మానసిక అనారోగ్యం వీటికి భిన్నంగా మరొకటి. మూడు వేర్వేరు సంగతులు. మన జనం మాత్రం మూడింటినీ ఒక్క మాటలో తేల్చేస్తారు: తమిళంలో ‘మక్కు’, తెలుగులో ‘మొద్దు’. సంఘంలోనైతే మరో మాట ఉంది: ‘దయ్యం’.

అసలు గాయం బడిలో మొదలవుతుంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో అక్కడి బడుల్లో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటేటా తప్పనిసరి అవుతూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. రాష్ట్రభాష నేర్చుకోవడం మంచిదే, అందులో వివాదం లేదు. కానీ ఒక్కసారి ఆ పిల్లవాడి బెంచీ మీద కూర్చుని చూడండి. తమిళంలో ‘క’కూ ‘గ’కూ ఒకటే అక్షరం. ఎక్కడ ఎలా పలకాలో, ఆ మాట ఇంట్లో విన్న పిల్లవాడికి చెప్పకుండానే తెలుస్తుంది. ఇంట్లో తెలుగు విని, పైగా డిస్లెక్సియా కూడా ఉన్న పిల్లవాడి పరిస్థితి ఏమిటి? వాడి ఇబ్బంది భాష కొత్తదవడం వల్లా, అక్షరాలే నిలవకపోవడం వల్లా అని విడదీసి చూడాలంటే ఇంటిభాషలో పరీక్షించే మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే రెండూ కలిసి ‘చదువు రాదు’ అన్న ఒక్క ముద్రగా మిగులుతాయి.

ఇక్కడే కులం కూడా బడిలోకి వస్తుంది. 2007లో ‘తారే జమీన్ పర్’ సినిమా చూసి మధ్యతరగతి తల్లిదండ్రులు డిస్లెక్సియా అనే మాట నేర్చుకున్నారు. నగరంలో ఇంగ్లిష్ మీడియం పిల్లవాడు చదవలేకపోతే నిపుణుడి దగ్గరికి తీసుకెళ్తారు. పారిశుధ్య కార్మికుడి కొడుకు చదవలేకపోతే ఎవరికీ అనుమానమే రాదు, ఎందుకంటే వాడు చదువుతాడని ఎవరూ అనుకోలేదు. 2009లో తమిళనాడు అరుంధతీయులకు 3 శాతం అంతర్గత రిజర్వేషన్ ఇచ్చింది. అదే ఇంట్లో పిల్లవాడు క్రైస్తవుడైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది, ఆ 3 శాతమూ పోతుంది. వైకల్యం ఒక బరువు, కులం ఒక బరువు, బాప్తిస్మం తీసుకున్నందుకు ఇంకో బరువు. ఇన్ని మోస్తున్న యవనస్థుణ్ణి పట్టుకుని “విశ్వాసం తక్కువ” అంటున్నాం మనం.

పద్దెనిమిదేళ్లు నిండాక ఏమవుతుంది? వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్య హక్కు 18 వరకే. ఆ తర్వాత చాలామందికి రోజూ వెళ్లే చోటంటూ ఉండదు. ఒకప్పుడు అగ్గిపుల్లలు చట్రంలో పేర్చే పనో, పెట్టెలు అతికించే పనో దొరికేది. కూలి చాలా తక్కువ, దాన్ని పొగడనక్కర్లేదు. కానీ నలుగురి మధ్య కూర్చోవడం ఉండేది. యంత్రాలు వచ్చి ఆ చేతిపని కూడా తగ్గిపోయింది. అన్నదమ్ములు తిరుప్పూరుకో చెన్నైకో వెళ్తారు, అక్కాచెల్లెళ్లకు పెళ్లిళ్లవుతాయి, తోటివాళ్లు బళ్లు కొనుక్కుంటారు. ఇతనికి మిగిలేది ఇంట్లో ఒక మూల. పెళ్లిచూపులకు ఎవరైనా వస్తే ఆ మూల నుంచి కూడా లోపలి గదిలోకి పంపేస్తారు. మనిషికి ఇంతకంటే దిగులు పుట్టించే బతుకు ఏముంటుంది?

ఆ దిగులును మనం దిగులుగా గుర్తించం. తిండి మానేస్తే “మొండి” అంటాం. నిద్రపోకుండా అరిస్తే “వాడంతే” అంటాం. తలను గోడకు కొట్టుకుంటే “ఆ జబ్బే అంత” అంటాం. వచ్చిన పనులు కూడా మర్చిపోతుంటే “బుద్ధి ఇంకా తగ్గింది” అంటాం. కుంగుబాటు మాటల్లో చెప్పుకోలేని మనిషిలో ఇలాగే బయటపడుతుంది. పంటినొప్పి, చెవిపోటు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో తరచుగా కనిపించే థైరాయిడ్ లోపం, నాన్న చనిపోయినా తనకు ఎవరూ చెప్పకపోవడం, ఎవరో తాకరానిచోట తాకడం, ఇవన్నీ అదే అరుపులో ఉండొచ్చు. ప్రతి బాధనూ వైకల్యం ఖాతాలో రాసేసి అసలు జబ్బును చూడకపోవడం వైద్యులూ చేసే తప్పేనని 1982లోనే అమెరికా పరిశోధకులు దానికి పేరు పెట్టి మరీ హెచ్చరించారు. 2007లో ప్రచురితమైన గ్లాస్గో నగర అధ్యయనంలో మేధో వైకల్యం ఉన్న 1023 మంది వయోజనులను పరీక్షిస్తే, ప్రవర్తనా సమస్యలతో కలిపి 40.9 శాతం మందిలో ఏదో ఒక మానసిక అనారోగ్యం కనిపించింది. ప్రభుత్వమే ఉచితంగా వైద్యం చేసే దేశంలో సంగతి అది.

బైబిలు చదివేవాళ్లకు ఈ తప్పు కొత్తది కాకూడదు. 1 సమూయేలు మొదటి అధ్యాయం తెరవండి. హన్నా గుడిలో ఏడుస్తూ ప్రార్థిస్తోంది. పెదవులు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. యాజకుడైన ఏలీ చూశాడు, తాగి ఉందని తీర్పు చెప్పేశాడు. ఆమె నోరు విప్పి చెప్పుకోగలిగింది కాబట్టి ఏలీ తన మాట మార్చుకున్నాడు. చెప్పుకోలేని హన్నాలు మన సంఘాల్లో ఎందరున్నారు? వాళ్ల విషయంలో మన ఏలీలు ఇంకా మొదటి తీర్పు దగ్గరే ఆగిపోయారు.

తీర్పుతోనే ఆగితే కొంత నయం. దయ్యం పట్టిందని ఉపవాసాలు పెట్టించడం, గంటలకొద్దీ తల మీద చేతులు వేసి కేకలు పెట్టడం, “మాత్రలు మానేస్తేనే విశ్వాసం” అని బోధించడం, స్వస్థత గృహాల్లో నెలల తరబడి వదిలేయడం, కట్టేయడం, కొట్టడం: ఇవి మనకు తెలియనివి కావు. విరుదునగర్‌ను ఆనుకున్న రామనాథపురం జిల్లాలో ఏర్వాడి ఉంది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అక్కడి ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచాయి. స్వస్థత కోసం బంధువులు తెచ్చి వదిలిన మనుషులు గొలుసులతో కట్టేసి ఉండడం వల్ల పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. దర్గా ఊరు కదా అని మనం చేతులు దులుపుకోలేం. మన స్వస్థత గృహంలో గొలుసు ఉంటే దాని మీద సిలువ గుర్తు ఉన్నంతమాత్రాన అది గొలుసు కాకుండా పోదు. మనుషుల్ని గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది. గొలుసు వేసినవాడు పాస్టరైనా చట్టం ముందు నిందితుడే.

“అయితే ప్రార్థనకు శక్తి లేదంటారా?” అని కొందరు అడుగుతారు. ఉంది. కానీ 1 రాజులు 19లో చచ్చిపోతానన్న ఏలీయాతో దేవుడు ఏం చేశాడో చూడండి. విశ్వాసం తక్కువని గద్దించలేదు. బదరీ వృక్షం కింద పడుకోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు పంపాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. మాటలన్నీ ఆ తర్వాతే. తిండి, నిద్ర, పక్కన ఒక మనిషి. నేటి లెక్కలో డాక్టరూ, మాత్రా ఆ రొట్టె కోవలోవే. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, కన్నవారిదీ కాదని యేసు తేల్చిచెప్పాడు. ఇన్నేళ్లయినా మనం ఇంకా శిష్యుల ప్రశ్నే అడుగుతున్నాం.

ప్రభుత్వానికీ జవాబుదారీ ఉంది. 2017 చట్టం మానసిక వైద్యాన్ని హక్కు చేసింది. మేధో వైకల్యం మానసిక జబ్బు కాదనీ చెప్పింది, అది సరైన మాటే. కానీ ఆ మాటను అడ్డం పెట్టుకుని “ఇది మా కేసు కాదు” అని పంపేస్తే అన్యాయం. మేధో వైకల్యం ఉన్నవాడికి కుంగుబాటు వస్తే అది కుంగుబాటే. విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. భవనాలు వచ్చాయి. ఇంటి తెలుగు తప్ప మరోటి పలకలేని యువకుడి మాట వినేవాళ్లు కూడా ఆ భవనాల్లో ఉండాలి. ఉద్యోగాల్లో వైకల్యాలకు 4 శాతం కోటా ఉంది. అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నవారికి. ధ్రువపత్రం లేనివాడికి అది కాగితం మీద మాటే.

ఇక సంఘం. పాళయంకోటలో మిషనరీలు 19వ శతాబ్దం చివరలోనే అంధులకూ, బధిరులకూ బడులు పెట్టారు. అప్పటికి ఏ చట్టమూ వాళ్లను అడగలేదు. వాళ్ల వారసులమని చెప్పుకునే మనం ఈ యవనస్థులకు ఏం చేశాం? క్రిస్మస్‌కు ఒక కేకు, ఒక ఫొటో.

మందులు మానమని వేదిక మీద చెప్పే బోధకుణ్ణి మళ్లీ పిలవకండి. పండుగలకే తెరిచే హాలును వారానికి మూడు పగళ్లు వీళ్ల కోసం తెరవండి. ఆ మూడు పగళ్లు తల్లికి ఊపిరి, బిడ్డకు స్నేహం. సంఘంలో చదువుకున్న యవనస్థులు ఇద్దరు చాలు, యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయించడానికి, ఆసుపత్రిలో తెలుగును తమిళంలో చెప్పడానికి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహా తెలుగుతో సహా అనేక భాషల్లో ఉచితంగా దొరుకుతుంది. ఆ నంబరు ప్రతి చర్చి గోడ మీదా ఉండాలి. తల్లిదండ్రుల తర్వాత బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో వాళ్లు బతికుండగానే కూర్చుని రాసుకోవాలి. మేధో వైకల్యం ఉన్నవారికి చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించడానికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ ఉంది. అక్కడిదాకా ఆ తల్లి వెంట నడవడం పెద్దల పని.

యవనస్థులారా, మీ యూత్ మీటింగుకు ఇలాంటివాళ్లు ఎందరు వస్తున్నారో ఈ ఆదివారం లెక్కపెట్టండి. ఒక్కరూ లేకపోతే వాళ్లు లేరని కాదు, మీరు పిలవలేదని. దావీదు లో-దెబారుకు మనిషిని పంపి మరీ మెఫీబోషెతును రప్పించాడు, తన బల్ల దగ్గర రోజూ కూర్చోబెట్టుకున్నాడు. ఒక్క పండుగ పూట కాదు, రోజూ.

“నేను పోయినా నా బిడ్డకు సంఘం ఉంది” అని ఆ తల్లి ధైర్యంగా అనగలిగిన రోజున ఆ రాత్రి ప్రార్థన దానంతటదే ఆగిపోతుంది. అంతవరకూ ఆమె చేసే ఆ ప్రార్థనకు బాధ్యులం మనమే.