శనివారం ఫొటో చూసి నెల జీతం లెక్క కట్టేవాళ్ళకు

"దుబాయ్‌లో కాపురం ఉన్నవాళ్ళకేం తక్కువ? పన్ను లేదు, వారం తిరిగేసరికి ఏదో ఒక షికారు." పెళ్ళిపందిట్లో అన్నా, పత్రికలో వ్యాసంగా రాసినా ఈ మాట సారం ఒక్కటే. రాసేవాళ్ళు ఇంకొంచెం మసాలా దట్టిస్తారు. ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, కారులోంచి మాల్‌లోకి, అదే వాళ్ళ లోకమట. ఇరుగుపొరుగు లేదట, పిల్లలకు తెలుగు రాదట, పక్కనే ఎండలో మాడే మన కూలీల సంగతి పట్టదట. అక్కడ ఇల్లు నడుపుతూ పిల్లల్ని బడికి పంపుతున్నదాన్ని కాబట్టి జవాబు చెప్పక తప్పడం లేదు. వీటిలో ఒక్కటి మాత్రం నిజం. దాని దగ్గరికీ వస్తాను.

ముందు చిరునామా సరిచేయాలి. మీరు దుబాయ్ వాళ్ళంటున్న మధ్యతరగతి తెలుగు కుటుంబాల్లో చాలామంది ఉండేది షార్జాలో. అక్కడ అద్దె తక్కువ. ఉద్యోగం దుబాయ్‌లో. మ్యాపులో రెండూ అంటుకునే కనిపిస్తాయి. పొద్దున ఏడింటికి అల్ ఇత్తిహాద్ రోడ్డెక్కి చూడండి, గంట దాటినా ఆఫీసు రాదు. అల్ మమ్‌జర్ దగ్గర సాలిక్ టోలు: 2025 జనవరి 31 నుంచి పనిరోజుల్లో రద్దీ వేళల్లో 6 దిర్హామ్‌లు, మిగతా వేళల్లో 4, రాత్రి ఒంటిగంట నుంచి ఆరింటి దాకా మాత్రం ఉచితం. టోలు తప్పించుకుందామని చుట్టు తిరిగి ఎమిరేట్స్ రోడ్డు పట్టినవాడు ఆ డబ్బును పెట్రోలుకు ధారపోస్తాడు.

ఇక మీరు ఈర్ష్యపడే ఆ వారాంతం. 2006 దాకా యూఏఈలో గురు, శుక్రవారాలు సెలవు. తర్వాత శుక్ర, శనివారాలైంది. 2022 జనవరి 1 నుంచి ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు పూర్తి సెలవు, శుక్రవారం మధ్యాహ్నం వరకే పని. షార్జా మాత్రం శుక్రవారాన్ని కూడా కలిపి మూడు రోజులిచ్చింది, బళ్ళకు కూడా. వినడానికి బాగుంది. షార్జా బడికి వెళ్ళే పిల్లలకు శుక్రవారం సెలవు, దుబాయ్‌లో ప్రైవేటు కంపెనీలో పనిచేసే తల్లిదండ్రులకు చాలాచోట్ల సాయంత్రం దాకా డ్యూటీ. ఆ పిల్లల్ని ఎవరు చూస్తారు?

పొరుగు లేదన్నవాళ్ళు ఏదైనా ఒక శుక్రవారం మా అంతస్తుకు రావాలి. ఆ వారం ఎవరికి నైట్ డ్యూటీయో, ఎవరు ఇంట్లో ఉంటారో ముందే మాట్లాడుకుంటాం. నాలుగిళ్ళ పిల్లలు ఒకే ఇంట్లో చేరతారు. మలయాళీ నర్సు గారింట్లో పుట్టు, శనగల కూర. పాకిస్తానీ ఆవిడ ఇంట్లో మావాడికి విడిగా ఆలూ పరాఠా. మా ఇంట్లో పప్పూ అప్పడాలూ. ఎవరు ఏది తింటారో, ఎవరికి ఏది పడదో నాలుగిళ్ళ తల్లులకూ కంఠతా వచ్చు. సొంతూళ్ళో అపార్టుమెంటులో ఉన్నప్పుడు ఎదురింటివాళ్ళ ఇంటిపేరు కూడా నాకు తెలియదు.

శనివారం పొద్దున పడే పాట్లు ఫొటోల్లోకి రావు. వారం బట్టలు, దోసెల పిండి, హైపర్‌మార్కెట్, అరబిక్ ట్యూషను, అక్కడి టైము మనకంటే గంటన్నర వెనక కాబట్టి ఊళ్ళో పెద్దవాళ్ళు భోంచేసి పడుకునేలోపు ఫోను. ఇవన్నీ అయ్యాక సాయంత్రం ఐదింటికి బయల్దేరి ఎక్కడో నిలబడి తీసుకున్నది మీరు చూసిన ఫొటో.

పన్ను సంగతి. జీతం మీద ఆదాయపు పన్ను లేదు, ఒప్పుకుంటాను. ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయేవాళ్ళకు మిగతాది కూడా చెప్పాలి. 2018 జనవరి నుంచి 5 శాతం వ్యాట్ ఉంది. దుబాయ్‌లో అద్దెకుంటే ఏడాది అద్దెలో 5 శాతాన్ని హౌసింగ్ ఫీజు పేరుతో పన్నెండు ముక్కలు చేసి కరెంటు, నీళ్ళ బిల్లులో కలుపుతారు. అద్దె నెలనెలా కట్టుకుంటానంటే సాధారణంగా కుదరదు. ఏడాది మొత్తానికీ రెండో నాలుగో చెక్కులు ముందే రాసివ్వాలి, ఎక్కువ చెక్కులంటే అద్దె కూడా ఎక్కువే. ప్రభుత్వ బళ్ళు ప్రధానంగా ఆ దేశ పౌరుల కోసం. మన పిల్లలకు ప్రైవేటు బడే దిక్కు, దాని ఫీజు టర్ముకోసారి. వీసాలు, ఐడీ కార్డులు, కుటుంబానికి బీమా అన్నీ తిరిగి తిరిగి వచ్చే ఖర్చులే. బళ్ళకు సెలవులిచ్చే జులై, ఆగస్టుల్లో నలుగురికి హైదరాబాద్ టికెట్లు కొంటే ఆ ఏడాది పొదుపుకు బొక్క. పెన్షను లేదు. మానేసిన రోజున చేతికొచ్చేది గ్రాట్యుటీ: మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆపైన ఏడాదికి 30 రోజులు. అదీ బేసిక్ మీద. మొత్తం జీతంలో బేసిక్ ఎంతుంటుందో ఆఫర్ లెటర్ చూసినవాళ్ళను అడగండి. మన దేశంలో కట్టే పన్నును అక్కడ వేరే వేరే కిటికీల దగ్గర కడతాం, అంతే.

మాల్ గురించి రాసేవాళ్ళందరూ డిసెంబరులోనే అక్కడికి వచ్చి వెళ్ళినట్టున్నారు. జులైలో మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటడం మామూలు. సముద్రపు తేమకు తలుపు తీసి బయట అడుగు పెట్టగానే కళ్ళద్దాలు మసకబారతాయి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వమే నిషేధం పెట్టింది. అలాంటి ఎండలో చంటిపిల్లలను ఎక్కడికి తీసుకెళ్ళమంటారు? మాల్‌లో మేం చేసేది నడక. అద్దంలోంచి ఉచితంగా కనిపించినంత మేర అక్వేరియం చూసి, ఫౌంటెన్ చూసి, ఒక ఐస్‌క్రీమ్‌ను ఇద్దరు పిల్లలకు పంచి ఇంటికొస్తాం. ఫొటోలో వెనక కనిపించే 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాకు కింద నిలబడితే పైసా ఖర్చు లేదు. పైకెక్కడానికే టికెట్టు. ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒకసారి ఎక్కించి ఊరుకునే ఇళ్ళే ఎక్కువ.

నవంబరు వచ్చిందంటే ఎవరూ మాల్ ముఖం చూడరు. జబీల్ పార్కులో మనిషికి 5 దిర్హామ్‌లు, మమ్‌జర్ బీచ్ పార్కులోనూ అంతే. బర్ దుబాయ్ నుంచి దేరాకు క్రీక్ దాటించే అబ్రా పడవకు ఒక్క దిర్హామ్. మా పిల్లలు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరిగి, ఇంకోసారి అంటారు. అసలు షికారు మాత్రం ఖోర్‌ఫక్కాన్. 2019లో హజర్ కొండల్ని తొలిచి సొరంగాలతో వేసిన కొత్త రోడ్డు మీద తూర్పు తీరానికి పోవడం. తిరుమల ఘాట్ రోడ్డెక్కినవాళ్ళకు కొండ అంటే అడవి. అక్కడ కొండంటే ఒట్టి రాయి, గడ్డిపరక ఉండదు. మావారికి ఆ కొండలంటే పిచ్చి, నాకు ఇప్పటికీ పట్టలేదు. దారిలో అల్ రఫీసా ఆనకట్ట దగ్గర చాప పరిచి పులిహోర, పెరుగన్నం, ఊరినుంచి వచ్చిన ఆవకాయ తింటాం. పక్క చాప మీద ఫిలిప్పీన్స్ వాళ్ళు చేపలు కాలుస్తుంటారు, ఆ వెనక అరబ్బు కుటుంబం కాఫీ ఫ్లాస్కులతో. తిరుగుదారిలో ఒక కఫెటేరియా ముందు కారాపి హారన్ కొడితే కుర్రాడు కరక్ చాయ్ కిటికీ దగ్గరికే తెచ్చిస్తాడు. రోజంతటికీ అయిన ఖర్చు పెట్రోలు, చాయ్. హైదరాబాద్‌లో ఒక మల్టీప్లెక్సు సినిమాకు, పాప్‌కార్న్‌తో కలిపి, ఎంతవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇప్పుడు నిజమైన మాట. కూలీల సంగతి మాకు పట్టదన్నారే, అది తగలాల్సిన చోటే తగిలింది. భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హామ్‌ల జీతమో, వసతితో పాటు 3,000 జీతమో ఉండాలి. షికారుకు వెళ్ళే కుటుంబానికీ, ఆరేడుగురితో ఒకే గదిలో ఉండే జగిత్యాల, సిరిసిల్ల, కోనసీమ మనిషికీ మధ్య గీత ఆ అంకె. ఊళ్ళో ఇద్దరు పిల్లలున్నవాణ్ణి కూడా అక్కడ బ్యాచిలర్ అనే అంటారు. ఆదివారం మమ్‌జర్‌లో మేం ఒక చెట్టు కింద, వాళ్ళు ఇంకో చెట్టు కింద కూర్చుంటాం. రెండు చాపల మీదా మాట్లాడేది తెలుగే, అయినా పలకరింపు నవ్వు దగ్గరే ఆగిపోతుంది. బతుకమ్మకు హాలు మాట్లాడుకుంటాం, సోనాపూర్ కూలీల క్యాంపుల నుంచి అక్కడికి బస్సు ఎవరు పెడతారన్నది ఆఖర్న గుర్తొస్తుంది. దీనికి నా దగ్గర సాకు లేదు.

అయినా ఆ తప్పును మా పులిహోర డబ్బా మీద మోపడం కుదరదు. ఆ కూలీ ఏజెంటు చేతిలో అప్పు చేసిన డబ్బు పోసింది జగిత్యాలలో, షార్జాలో కాదు. ఆ ఏజెంటు గురించి ఏ ఒక్క వ్యాసమూ మా మాల్ గురించి రాసినంత హుషారుగా రాయగా నేను చూడలేదు.

పిల్లల తెలుగు గురించి రెండు మాటలు చాలు. అక్కడి ప్రైవేటు బళ్ళలో అరబిక్ తప్పనిసరి. సీబీఎస్ఈ బడిలో దానికి తోడు సాధారణంగా హిందీ. చాలా బళ్ళలో తెలుగు ఎంచుకునే వీలే లేదు. కాబట్టి వాళ్ళ తెలుగు మొత్తం వంటింట్లో, కారులో, శనివారం ఫోనులో నేర్చినది. రాయడం రాదు, నిజమే. మాట్లాడటం వచ్చు. గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీల పిల్లలతో పోటీ పెట్టండి, మేం రెడీ.

ఇంకో రకం రచయితలున్నారు. వాళ్ళు మమ్మల్ని చూసి ఈర్ష్యపడరు, జాలిపడతారు. బంగారు పంజరమనీ, వేళ్ళు తెగిన బతుకులనీ. వాళ్ళకూ నా జవాబు ఇదే: ఖోర్‌ఫక్కాన్‌లో మేం నవ్వింది ఫొటో కోసం కాదు, నిజంగానే బాగుంది కాబట్టి. మా జీతం గురించి తప్పు లెక్క కట్టినవాళ్ళకంటే మా సంతోషాన్ని కొట్టిపారేసినవాళ్ళ మీదే నాకు కోపం ఎక్కువ.

చివరికి అందరూ అడిగే ప్రశ్న: అంత ఖర్చయితే వచ్చేయొచ్చుగా? వస్తాం. గోల్డెన్ వీసా దొరికినవాళ్ళనూ, బాగా డబ్బున్నవాళ్ళనూ పక్కన పెడితే మిగతావాళ్ళ వీసా ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోయి వీసా రద్దయిన రోజునుంచి కొన్ని నెలల గడువులో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే ఇల్లు ఖాళీ చేయాలి. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకూ ఆ పుట్టుకతో పౌరసత్వం రాదు. మేమెప్పుడొస్తామో మాకు తెలియదు. పెద్దాడి పదో తరగతి పరీక్షలయ్యేదాకా ఆగనిస్తే చాలు.