ఒక్కో పేరూ తీయించాం

పామూరులో గవర్నమెంటు బడి ఎందుకిలా ఖాళీ అయిందంటే మన దగ్గర జవాబులకు కొదవ లేదు. పంతుళ్లు చాలరంటాం, పైవాళ్లు పట్టించుకోరంటాం. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ ఈ నిజాల చాటున ఇన్నాళ్లూ దాక్కున్నది మనమే.

ఆ బడిని ఎవరూ ఒక్కరోజులో పాడుచెయ్యలేదు. మనమే ఒక్కో బిడ్డ చెయ్యీ పట్టుకుని బయటికి వచ్చేశాం. వ్యాను వాకిట్లోకి వస్తుందని ఒకరం, ఇంగ్లీషు వస్తుందని ఒకరం, పక్కింటివాళ్లు పంపారని మరొకరం. ఏ ఇంటి లెక్క ఆ ఇంటికి సబబే. ఏ తల్లినీ తప్పుపట్టలేం. అయితే ముందుగా వచ్చేసినవి నాలుగక్షరాలు వచ్చిన ఇళ్లు, నెలజీతాల ఇళ్లు, హెడ్‌మాస్టరు ముందు నిలబడి అడగగలిగిన ఇళ్లు. గవర్నమెంటు బడుల్లో పాఠాలు చెప్పే మనమూ మన పిల్లల్ని వేరేచోటే చేర్చాం.

పిల్లల లెక్కను బట్టే పంతుళ్ల పోస్టులు. రిజిస్టరులోంచి ఒక్క పేరే కదా పోయింది అనుకున్నాం. పేర్లు తగ్గితే పోస్టు పోతుంది. పోస్టు పోతే ఉన్న ఒక్క అయ్యవారే అయిదు తరగతులనూ ఒక గదిలో కూర్చోబెట్టుకోవాలి. అది చూసి ఇంకో ఇల్లు పేరు తీయిస్తుంది. ఆ గదిని చూపించి, మనం చేసింది మంచి పనేనని మనకు మనమే చెప్పుకున్నాం.

మిగిలిందెవరు? బేల్దారి పనికి హైదరాబాదుకో బెంగళూరుకో పోయినవాళ్లు అవ్వ దగ్గర వదిలిన పిల్లలు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది. అడిగే అధికారాన్ని మన చేతికే ఇచ్చింది. మనం పిల్లలతోపాటు దాన్నీ వదిలేసి వచ్చాం. ఇప్పుడా కమిటీ మీటింగుకు అవ్వ వచ్చి వేలిముద్ర వేసి పోతుంది.

2019 నవంబరు 14న గవర్నమెంటు బడులను బాగుచేసే నాడు-నేడు పథకం ఒంగోలులో మొదలైంది. బళ్లకు రంగులు, బల్లలు వస్తే సంతోషించాం. కరోనా కాలంలో ఫీజులు కట్టలేక కొందరం తిరిగొచ్చాం కూడా. చెయ్యి కాస్త ఆడగానే మళ్లీ వెళ్లిపోయాం. 2022 జూన్‌లో 117 జీవో వచ్చి 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించింది. కొన్ని ఊళ్లలో తల్లులు రోడ్డెక్కారు. మన పిల్లలు అక్కడ లేరు కాబట్టి మనం పేపర్లో చదివి ఊరుకున్నాం. నీళ్ల విషయంలోనూ అంతే. ఈ కనిగిరి ప్రాంతపు ఫ్లోరైడు నీళ్లకు భయపడి ఇంటికి క్యాన్లు వేయించుకున్నాం. బడి కుళాయిలో ఏ నీళ్లు వస్తున్నాయో కనుక్కోలేదు.

మీ పిల్లల్ని వెనక్కి తీసుకురండి అని ఇప్పుడు నేను అనలేను. అలా అనే అర్హత నాకూ లేదు. అలాగని, మన బిడ్డ చదవని బడి గురించి అడగకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. ఖాళీ పోస్టు గురించి మండల విద్యాధికారికి అర్జీ పెట్టవచ్చు. ఆ అవ్వ పక్కన కూర్చుని, ఆమె వేలిముద్ర వేయబోయే కాగితంలో ఏముందో చదివి చెప్పవచ్చు. ఇందులో మనకు చేతకానిది ఏదీ లేదు. చెయ్యలేదు, అంతే.