విలువ కట్టేవారు వచ్చేనాటికి...

ఇల్లు ఇల్లాలి పేరుమీద ఉండటం ఇప్పుడు పెద్ద విశేషమేమీ కాదు. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో ఇల్లు స్త్రీ పేరున గానీ, ఉమ్మడిగా గానీ ఉండాలన్న నిబంధన పెట్టారు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరు 25న మొదలుపెట్టిన ఇళ్ల పట్టాల పంపిణీ కూడా మహిళల పేరుమీదే జరిగింది. సంతోషమే. అయితే ఆ ఇంటి సంగతులు మనలో ఎంతమందికి తెలుసు? బ్యాంకు పంపిన వాల్యుయర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డప్పుడు ఈ సంగతి బయటపడుతుంది.

ఇల్లు కొనడానికో, పైన ఒక గది వేసుకోవడానికో, పిల్లల ఫీజుల కోసం ఉన్న ఇల్లు తాకట్టు పెట్టడానికో అప్పు అడిగితే, బ్యాంకువారు తమ జాబితాలోని వాల్యుయర్‌ను పంపిస్తారు. ఆయన వచ్చేది పగటిపూట. ఆ వేళకు ఇంట్లో ఉండేది మనమే కదా!

మా డోన్‌లోనే, మా వీధిలో ఒకామె కొడుకు ఇంజనీరింగ్ ఫీజు కోసం అప్పుకు పెట్టుకుంది. ఇల్లు ఆమె పేరునే ఉంది. వచ్చినాయన "ఇల్లు కట్టి ఎన్నేండ్లయిందమ్మా? పైగదికి ప్లాను ఉందా?" అనడిగితే, "మా ఆయన వచ్చినాక చెప్తాడు సార్, కాగితాలు యాడ పెట్టినాడో నాకు తెలీదు" అంది. ఆయన టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా ఫీజు గడువు ముంచుకొచ్చింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టుకున్నారు. ఆమెననడానికేముంది? ఆ దస్తావేజు ఆమెకు ఎవరూ ఎన్నడూ విప్పి చూపించలేదు.

ఇల్లు కడిగి, సున్నం వేయించి, కర్టెన్లు మారిస్తే విలువ పెరుగుతుందని మనం అనుకుంటాం. శుభ్రం మంచిదే గానీ లెక్క వేరు. స్థలానికి ఒక విలువ, కట్టడానికి ఒక విలువ వేసి రెండూ కలుపుతారు. స్థలానికైతే ఆ చుట్టుపక్కల జరిగిన అమ్మకాలు, రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన ప్రభుత్వ ధర చూస్తారు. కట్టడానికి చదరపు అడుగుల లెక్కన ఖర్చు వేసి, ఇంటి వయసును బట్టి తరుగు తీసేస్తారు. అందుకే పాతకాలపు మట్టి మిద్దె ఎండాకాలంలో ఎంత చల్లగా ఉన్నా, కట్టడం కింద దానికి వచ్చేది తక్కువ. విలువంతా స్థలానిదే. కింద పరిచింది బేతంచెర్ల బండలా, టైల్సా, గోడలు రాతివా, ఇటుకవా, నీటి వసతి ఏమిటి, ముందు రోడ్డు ఎంత వెడల్పు - ఇవన్నీ రాసుకుని ఫోటోలు తీసుకుంటారు.

ఆ అంకె మీదే మన అప్పు ఆధారపడి ఉంటుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణం ఆస్తి విలువలో 90 శాతం మించకూడదు. 30 నుంచి 75 లక్షల దాకా అయితే 80 శాతమే. ఇరవై లక్షలనుకున్న ఇంటికి పద్దెనిమిదే కట్టారనుకోండి. 18 లక్షల దాకా రావలసిన అప్పు 16 లక్షల 20 వేలకు దిగుతుంది. ఆ తేడా తీర్చడానికి చివరికి మన మెడలోని గొలుసే కదా దిక్కు!

అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతుందంటే, కాగితం ఒకటి చెప్పి ఇల్లు ఇంకొకటి చెప్పినప్పుడు. మన వైపు దస్తావేజుల్లో స్థలం సెంట్లలో ఉంటుంది, ప్లానులో చదరపు మీటర్లలో ఉంటుంది. సెంటంటే 48.4 చదరపు గజాలు. మూడు సెంట్లయితే 145.2 గజాలు, అంటే సుమారు 121 చదరపు మీటర్లు. ఈ లెక్క ముందే వేసి చూసుకోండి. దస్తావేజులో మూడు సెంట్లుండి, నేలమీద రెండున్నరే తేలితే ఆ తగాదా వాల్యుయర్ తీర్చలేడు. పాత కాగితాల్లో కర్నూలు జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న డోన్ నంద్యాల జిల్లాలోకి మారింది. జిల్లా మారినంత మాత్రాన పాత దస్తావేజు చెల్లకుండా పోదు, కంగారు పడకండి. కానీ డోర్ నంబరు మారి ఉంటే పాతదీ కొత్తదీ రెండూ ఒకే ఇంటివని చూపే కాగితం మునిసిపాలిటీ నుంచి తెచ్చుకోవాలి. హద్దుల్లో పేరున్న పొరుగువారు ఇల్లమ్ముకుని వెళ్లిపోతే, ఇప్పుడక్కడ ఎవరున్నారో చెప్పగలగాలి. ప్లానులో లేని పైగది విలువలోకి వస్తుందో రాదో బ్యాంకులో ముందే అడగాలి.

కాబట్టి ఒక ఫైలు తయారు చేసుకోండి. దస్తావేజు, అంతకుముందు చేతులు మారిన లింకు దస్తావేజులు, ఈసీ, ఇంటిపన్ను రశీదు, ప్లాను, కరెంటు బిల్లు - వీటి జిరాక్సులు వరసగా పెట్టండి. ఒక తెల్లకాగితం మీద ఇల్లు ఏ సంవత్సరం కట్టారు, పైన ఎప్పుడు వేశారు, బోరు ఎప్పుడు వేయించారు రాసుకోండి. వచ్చేరోజు అన్ని గదుల తాళంచెవులూ దగ్గరుంచుకోండి. అద్దెకున్నవాళ్లుంటే ముందురోజే చెప్పండి. గోడ నెర్రె కనబడకుండా బీరువా అడ్డం జరపడం లాంటి పనులు వద్దు. చూడనివ్వని గది మీదే అనుమానం ఎక్కువ. ఫీజు ఎంత, ఎవరికి కట్టాలన్నది బ్యాంకులోనే అడిగి రశీదు తీసుకోండి. ఆయన చేతిలో విడిగా ఏమీ పెట్టనక్కరలేదు. కాఫీ ఇస్తే మర్యాద, అంతే.

విలువ మరీ తక్కువొచ్చిందనిపిస్తే వాల్యుయర్‌తో వాదానికి దిగకండి. కొలతల్లో పొరపాటుందేమో చూడండి. దగ్గర్లో ఈమధ్య రిజిస్టరైన అమ్మకాల వివరాలుంటే జతచేసి, మరోసారి చూడమని బ్యాంకుకు కాగితం రాసివ్వండి. అలాగని ఎక్కువ వేయించుకోవాలని పాకులాడటమూ మంచిది కాదు. అప్పు పెరిగితే నెలనెలా వాయిదా కూడా పెరుగుతుంది, దాన్ని సర్దాల్సింది మళ్లీ మన ఇంటిఖర్చులోంచే.

అప్పుతో పనున్నా లేకపోయినా, ఈ ఆదివారం మధ్యాహ్నం బీరువాలోంచి ఆ దస్తావేజు తీయించి ఒకసారి మొదటినుంచి చివరిదాకా చదవండి. అర్థంకాని మాట ఉంటే ఇంట్లోవాళ్లను అడగండి, వాళ్లకూ తెలియకపోతే రాయించినవాళ్లను అడగండి. ఆడపిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోవడం మరిచిపోకండి.